తూర్పు మోకు

కార్తీక బహుళ విదియ, శనివారం. గాలి లేదు.

చెల్లీ అచ్చియ్యమ్మా, నీ ఆయాసం ఎలా ఉంది? పొయ్యి దగ్గర పొగలో కూర్చోవద్దని ఎంత చెప్పినా వినవు. మీ అల్లుడి చెయ్యి అతుక్కుందా, కట్టు విప్పారా? పళ్ళాలమ్మ వదినా, కంట్లో పొర తీయించుకున్నాక ఎండలోకి రాకూడదన్నారు కదా. నిన్న నువ్వు తెప్ప అంచున చేపలు ఆరబెడుతుంటే చూశాను, నా గుండె ఆగినంత పనైంది. హంసవేణీ, నీ పిల్లకి పళ్ళొస్తున్నాయన్నావు, జ్వరం తగ్గిందా తల్లీ? నువ్వు వేళకి తింటున్నావా? అందరూ బాగున్నామని రాయండి. బాగాలేకపోతే అదైనా రాయండి. ఏమీ రాయకపోతే నేను అంతకన్నా చెడ్డవి ఊహించుకుంటాను.

ఇక్కడ మా ఆయన అలాగే ఉన్నాడు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయినా నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున్నే నేను కొక్కేలన్నీ చూసి వస్తుంటే, "ఏమే కాసులూ, రేపు నిన్ను పాడె మీద పడుకోబెట్టినా లేచెళ్ళి కొక్కెం సూసొచ్చి మళ్ళీ పడుకుంటావే," అన్నాడు. నవ్వుకోనీ. చూసుకోవలసింది నేనే కదా.

తెప్ప కింది డ్రమ్ములకి పట్టిన గుల్లలు గీకాను. అడుగున చేరిన నీళ్ళు తోడాను. మా తెప్ప ఈ వాడలోకెల్లా పాతది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన కొత్తలో, మునిగిన ఇళ్ళ టేకు దూలాలు పీకి కట్టారు. గట్టిదే, కానీ చాలా బరువు. ఇప్పటి తెప్పలు ఊదిన తిత్తుల్లా తేలుతుంటే మాది గేదెలాగా నీళ్ళలో కూర్చుంటుంది.

ఒక్కటే దిగులు. వాడ లెక్క చూసే కొత్త కూడలి యంత్రం వచ్చాక, తెప్పకీ తెప్పకీ కట్టిన మన మోకులన్నీ పలకల్లోకి ఎక్కాయి కదా. నా పలకలో మొన్నటిదాకా మూడూ కనపడ్డాయి. దక్షిణాన పళ్ళాలమ్మ వదినదీ, హంసవేణిదీ, తూర్పున చెల్లిదీ. నిన్నటి నుంచి తూర్పుది కనపడటం లేదు. నీళ్ళ మీద మోకు మాత్రం ఉంది, వెళ్ళి చేత్తో పట్టుకుని చూశాను. చెల్లీ, నీ పలకలో ఉందా? చూసి చెప్పు.

చవితి, సోమవారం. ఉక్కగా ఉంది.

చెల్లి దగ్గర నుంచి జవాబు లేదు. మోకు కట్టుకున్న ఇళ్ళవాళ్ళు ఒకరి దినచర్య ఒకరు రోజూ చదవాలని వాడ కట్టుబాటు. చదివినట్టు కనీసం "ఊ" అనైనా పెడతారు. పళ్ళాలమ్మ వదిన పెట్టింది. "నా కళ్ళు నాయి, ఎండ నాది, నీకేటి బాధ," అని పెట్టింది. అలా తిట్టినా నాకు హాయిగానే ఉంటుంది. చెల్లి ఏమీ పెట్టలేదు.

హంసవేణి అందరినీ కూడలి తెప్ప మీదికి పిలిచి ఈ పద్ధతి చెప్పిన రోజు గుర్తొచ్చింది. కూడలిలో రాసేదంతా ఆ పిల్లే. ప్రతి తెప్ప పేరు పక్కన దాన్ని పట్టుకున్న తెప్ప పేరు రాస్తే సరిపోదా, ఇంత హడావిడి ఎందుకు అని ఎవరో అడిగారు. "ఒక తెప్పకి నాలుగు మోకులుంటాయి కదండీ. ఆ నాలుగు తెప్పలకీ మళ్ళీ ఎన్నో ఉంటాయి. ఏ పేరు పక్కన ఎవరిని రాయమంటారు? ఒకచోట రాసి ఇంకోచోట మరిచిపోతే?" అంది. మా ఆయన్ని కుర్చీతో సహా మోసుకెళ్ళాం ఆ రోజు. ఆయన ఊరుకుంటాడా. "మా తాతకి ఇద్దరు పెళ్ళాలే అమ్మాయ్. ఆయన్ని ఎవరింట్లో రాస్తావు?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. హంసవేణి తడుముకోలేదు. "ఎవరింట్లోనూ రాయను తాతగారండీ. పెళ్ళికే ఒక చీటీ పెడతా. చీటీ మీద రెండు పేర్లు, ఎప్పుడు జరిగిందో, ఎలాంటిదో. రెండు పెళ్ళిళ్ళయితే రెండు చీటీలు. మోకూ అంతే. మీ ఇంట్లో రాయం, వాళ్ళింట్లోనూ రాయం. మోకుకే ఒక చీటీ. ఏ కొసన ఉన్నవాళ్ళు రాసినా చాలు, రెండో కొసకి దానంతటదే కనపడుతుంది," అంది.

ఏ కొస వాళ్ళు రాసినా చాలంటే మన వాళ్ళు ఏం చేశారు? పాత పద్ధతే పట్టుకున్నారు. మన వాడలో మోకు విసిరేది వరసకి చిన్నవాళ్ళైన చిన్నింటివాళ్ళు, అందుకునేది పెద్దింటివాళ్ళు. పెద్దవాళ్ళు విసిరి మమ్మల్ని పట్టుకోండని అడగడం నామోషీ. అందుకని వాడంతా చిన్నింటివాళ్ళే రాశారు. తూర్పు మోకుని మా చెల్లే రాసింది. "నువ్వేం ముట్టుకోకక్కా, నీకదే వస్తాది," అంది. వచ్చింది కూడా. ఇప్పుడెటు పోయింది?

షష్ఠి, బుధవారం. తూర్పు గాలి కొంచెం.

ఇవాళ గాలికాలం ముందు చేసే బిగింపు పరీక్ష. కూత వేశారు. గాలి లేచినప్పుడు చిన్నింటి వైపు మోకుని చుట్టి బిగించే మోకుమరలన్నిటినీ కూడలే తిప్పుతుంది. చీటీ ఉన్న మోకుల్ని బిగిస్తుంది. చీటీ లేనిదాన్ని తుఫానులో కొక్కెం విప్పి నీళ్ళలోకి వదిలేస్తుంది. వెనకటి తుఫానులో ఎవరిదో తెలియని మోకులు చుట్టుకుని తెప్పలు తిరగబడ్డాయి, అందుకని ఈ ఏర్పాటు. పరీక్షలో మాత్రం దేన్నీ వదలదు, బిగించి చూస్తుంది అంతే.

దక్షిణం మోకులు రెండూ నీళ్ళోడుతూ పైకి లేచి తీగల్లా నిలబడ్డాయి. తూర్పు మోకు కదల్లేదు. వంగి నీళ్ళలో నానుతూనే ఉంది. దాని మీద ఒక నీటికాకి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది. వాడలో అన్ని మోకుల మీద నుంచీ పిట్టలు లేచిపోయాయి, ఇదొక్కటే హాయిగా కూర్చుంది.

 అంచుకి వెళ్ళి కేకేశాను. "అచ్చియ్యా! మోకు లాగట్లేదే!"

చెల్లి తన తెప్ప మీద వంట చావిడి గుంజ పట్టుకుని నిలబడింది. ఆ గుంజ పక్కనే మోకుమర.

"నీ కొక్కెం తుప్పట్టిందక్కా! నూనె రాయి!" అంది.

"మర నీ దగ్గర కదే తిరగాలి! నా కొక్కెం తుప్పుకీ దానికీ ఏటే?"

"నాకేటి తెల్సు! రాసి సూడు!" అని లోపలికి వెళ్ళిపోయింది.

సొరచేప నూనె అంతా పోసి కొక్కెం తోమాను. కొక్కెం బాగానే ఉంది.  

పళ్ళాలమ్మ వదినా, హంసవేణీ, మీకు తెలుసు, చదువుతుంటే చెల్లికీ తెలియాలి: మనకి వచ్చే పెద్ద గాలులన్నీ తూర్పు నుంచే. దక్షిణం మోకులు నన్ను పక్కకి తిరగకుండా ఆపుతాయి అంతే. తూర్పుది లేకపోతే మేము వాడలోంచి కొట్టుకుపోయి మడచెట్ల మొద్దుల మీద పడతాం. నేను ఈదుతాను. ఆయన ఈదలేడు.

సప్తమి, గురువారం.

పొద్దున్నే దోనె వేసుకుని కూడలి తెప్పకి వెళ్ళాను. హంసవేణి పిల్లని ఒళ్ళో వేసుకుని పెద్ద పలక ముందు కూర్చుంది. పిల్ల చొంగ కార్చుకుంటూ నన్ను చూసి నవ్వింది. జ్వరం లేదు. నా తూర్పు మోకు ఏమైందో చూడమన్నాను.

చూసింది. చూశాక నా వైపు చూడలేదు.

"మామ్మగారండీ, చీటీ లేదండి. రాశారు, రాశాక చెరిపేశారు."

"ఎవరు?"

"ఆ కొసనుంచే."

"పొరపాటున నొక్కుంటాది. దానికి చూపు ఆనదు."

"పొరపాటున పోదండి. ఖాయమేనా అని అడుగుతుంది. అవునంటే మళ్ళీ అడుగుతుంది. ఎందుకు అని కూడా అడుగుతుంది." కాసేపు పిల్ల వీపు నిమిరింది. "బరువు అని పెట్టారండి."

నేను దోనె తాడు పట్టుకుని నిలబడ్డాను. ఒక కొసన చెరిపితే రెండో కొసన కూడా పోతుందా, కనీసం నాకు కబురైనా రాదా అని అడిగాను. చీటీ ఒకటే కాబట్టి ఇద్దరికీ పోతుందట. కబురు పంపే ఏర్పాటు తను పెట్టలేదట. "పెట్టాల్సింది. ఎవరైనా చెరుపుతారని నాకు తట్టలేదు మామ్మగారూ. మన వాడలో మోకు విప్పుకున్న వాళ్ళు ఎవరున్నారు?" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్లని ఏమనగలను. నాకూ తట్టలేదు.

చీటీ పోయిన రోజు నుంచి నా దినచర్య కూడా చెల్లికి చేరడం లేదట. ఆయాసం ఎలా ఉందని నేను రాసింది గోడకి రాసినట్టే.

తిరిగి వచ్చేటప్పుడు చెల్లి తెప్ప దగ్గర దోనె ఆపాను. ఆపకుండా రావలసింది. చెల్లి చూసి, "రా అక్కా, రా, ఎండనపడి ఎక్కడికెళ్ళొత్తన్నావు," అని చెయ్యందించింది. చేప పులుసు వేడిగా ఉంది, గిన్నెలో పోసి ఇచ్చింది. అల్లుడు కట్టు చేత్తోనే నాకు పీట వేశాడు. వేసి, నా మొహం చూడకుండా వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"మోకు కనపడిందా నీ పలకలో?" అంది చెల్లి.

"లేదే."

"నా దాంట్లో ఉందక్కా. లచ్చణంగా ఉంది. నీ పలకే ముసల్దైపోయింది, నీలాగే." నవ్వింది. "బావ ఎలాగున్నాడు? నిన్న నువ్వరుస్తుంటే ఆయనేవైపోయాడో అనుకున్నాను."

 నేనూ నవ్వాను. చిన్నప్పుడు ముంపులో నీళ్ళు మెడదాకా వస్తే దాన్ని భుజాన వేసుకుని నడిచాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే, చేసింది చెప్పుకున్నట్టు ఉంటుందని మింగేశాను. గిన్నె కడిగి బోర్లించి వచ్చాను.

ఇది నీకు చేరదు చెల్లీ, అయినా రాస్తున్నాను. బరువని నా మొహం మీద చెప్పి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. లచ్చణంగా ఉందని ఎందుకన్నావు?

నవమి, శనివారం. తూర్పున మబ్బు.

తుఫాను కబురు వచ్చింది. ఏకాదశి నాటికి మన మీదికి వస్తుందట. హంసవేణి దోనె మీద తనే వచ్చింది, పిల్లని వీపున కట్టుకుని.

"మామ్మగారూ, మీ కొసనుంచి మీరు రాసెయ్యండి. ఒక్క నొక్కు. రెండో కొసవాళ్ళ ఒప్పుదల అడగదు. గాలిలో అడిగే తీరిక ఉండదని నేనే తీసేశాను."

"దానికి తెలుస్తాదా?"

"పలక చూసుకుంటే కనపడుతుందండి. చూసుకోకపోతే మర తిరిగినప్పుడు తెలుస్తుంది."

తను వెళ్ళిపోయాక మా ఆయన, "పిలిసి అడగవే," అన్నాడు. "సెల్లే కదా. ఇలాగిలాగ, రాసుకోమంటావా అని అడుగు."

"పెద్దదాన్ని. నేనెలా అడుగుతాను?"

"నీ నామోషీ తగలెయ్య. నన్ను సేపలకేస్తావు గానీ దాన్ని నోరు తెరిసి అడగవు."

"అడిగితే కాదంటాదయ్యా! కాదన్నాక నేను రాయగలనా? ఆ మాట యినకపోతే రాయగలను."

 "మన తెప్ప బరువైన మాట నిజమేనే," అన్నాడు. "ఆళ్ళ మర ఊడొచ్చిందనుకో, రెండు కొంపలూ పోతాయి. అది భయపడింది."

"భయపడితే చెప్పొచ్చు కదా. పులుసు పోసిచ్చిందయ్యా నాకు!"



రాశాను. రెండుసార్లు తప్పు నొక్కాను. ఎలాంటి మోకు అని పలక అడిగింది. చుట్టరికమా, నీళ్ళ పొత్తా, వంట పొత్తా అని చూపించింది. చెల్లి అప్పుడు చుట్టరికం అని పెట్టింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ఖాళీగా వదిలేశాను. తూర్పు మోకు నా పలకలోకి వచ్చింది. దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్నట్టు ఉంది నాకు.

దశమి, ఆదివారం. గాలి లేచింది.

దాని మీద బరువు వేస్తున్నాను కదా, నాకు చేతనైనంత తగ్గించాలి. రుబ్బురోలు దొర్లించి నీళ్ళలోకి తోశాను. ఇనప మంచం విప్పి పడేశాను, మా ఆయన్ని చాపల మీద పడుకోబెట్టాను. మంచినీళ్ళ పీపాలు ఒకటి ఉంచి మిగతావి పారబోశాను. ఇత్తడి బిందెలు తోస్తుంటే పళ్ళాలమ్మ వదిన తన తెప్ప మీద నుంచి అరిచింది. "నీకేవన్నా మతిపోయిందా కాసులమ్మా! నాకిచ్చినా దాసేదాన్ని కదే!"

"నీ తెప్పకి బరువెందుకు వదినా!"

"ఆ బరువు నేనే అడిగి ఏసుకుంటాను, నీకెందుకు!" అని దోనె వేసుకుని వచ్చి రెండు బిందెలు పట్టుకుపోయింది. నా దినచర్య చదువుతోంది కాబట్టి ఆమెకి అంతా తెలుసు.  వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి వెళ్ళింది.

మా ఆయనకి గాలి నింపిన తిత్తులు రెండు చంకల కింద కట్టాను. "పెళ్ళికొడుకులాగున్నానా?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

ద్వాదశి, మంగళవారం. గాలి తగ్గింది. వాన ఇంకా ఉంది.

బతికే ఉన్నాం. ముందు అది రాస్తున్నాను. పళ్ళాలమ్మ వదిన తెప్ప కప్పు లేచిపోయింది, మనిషికి ఏమీ కాలేదు. హంసవేణీ, పిల్లా బాగున్నారు.

నిన్న పొద్దున్న కూత వేసిన కాసేపటికే దక్షిణం మోకులు బిగిశాయి. తూర్పు మోకు నీళ్ళలోంచి లేచింది. లేవడం నా కళ్ళతో చూశాను. తెప్ప ఒక్క కుదుపుతో నిలబడింది. మధ్యాహ్నానికి ఎదురుగా ఏమీ కనపడలేదు, నీళ్ళూ ఆకాశం ఒకటే. మోకు హోరున మోగుతోంది. నేను మా ఆయన నడుముకీ నా నడుముకీ తాడు కట్టుకుని కూర్చున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. ఒక్కసారి వాన తెర తొలిగింది. అప్పుడు చెల్లి కనపడింది. వంట చావిడి సగం విరిగి వేలాడుతోంది. మర బిగించిన గుంజ ఒరిగిపోయింది. చెల్లి ఆ మర మీద పడుకున్నట్టుగా వంగి, రెండు చేతులతో పిడి పట్టుకుని ఉంది. అల్లుడు దాని నడుము పట్టుకుని ఉన్నాడు. మళ్ళీ వాన మూసేసింది. మోకు తెగలేదు, ఊడలేదు.

ఇవాళ పొద్దున్న వాన సన్నబడగానే చెల్లి అంచుకి వచ్చి అరిచింది. నుదుటికి గుడ్డ కట్టుంది.

"అక్కా! బావ బాగున్నాడా! సూసేవా, నా మోకే నిన్నాపింది! రాశానని సెప్పలేదా నీకు!"

"బాగున్నాడే!" అన్నాను. 

తరవాత హంసవేణి వచ్చి భయపడుతూ ఒక మాట చెప్పింది. మోకు మళ్ళీ కట్టుకున్నాక, మధ్యలో చేరకుండా ఆగిపోయిన దినచర్యలన్నీ తూర్పు కొసకి వెళ్ళాయట. తుఫాను హడావిడిలో చెల్లి ఇంకా పలక తెరవలేదు. కావాలంటే వెనక్కి లాగేస్తానంది. మా ఆయన, "లాగించెయ్యవే, పోనీ," అన్నాడు. వద్దన్నాను.

కాబట్టి చెల్లీ, ఇది నువ్వు చదువుతావు. మొదటి నుంచి చదువు. నీ ఆయాసం అడిగినది చదువు, కూడలి తెప్ప మీద నేను విన్నది చదువు, నీ పులుసు తాగి వచ్చి రాసినది చదువు. నేను నీకు చెప్పకుండా నీ గుంజకి నా తెప్ప కట్టినదీ చదువు. నీ చావిడి విరిగింది నా వల్లే. దూలాలు నా దగ్గర రెండు ఉన్నాయి, పంపిస్తాను.

నుదుటి దెబ్బ తడవనీయకు. పసుపు పెట్టు.

నాకు ఒకటి తెలియాలి. ఇది పలకలో రాయకు, నాకు వద్దు. ఆ గాలిలో మర పిడి రెండు చేతులా పట్టుకుని ఉన్నావు కదా. బిగిస్తున్నావా, విప్పడానికి లాగుతున్నావా? నేను చూసింది ఒక్క క్షణం. మీ అల్లుడిని అడగను, మీ బావని ఊహించమనను. నా చాప మీద నా ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పాలి. ఏది చెప్పినా వింటాను. లచ్చణంగా ఉంది అనే మాట మాత్రం ఈసారి తేకు.

అమావాస్య పోట్లు తగ్గనీ. మార్గశిర శుద్ధ విదియ, ఆదివారం, పొద్దున్న ఆటు మొదలయ్యాక రా. ఒక్కదానివే రా.